నలభై మూడో పేజీ

"నేటి నుంచి జ్ఞానానికి తలుపులుండవు!" అని జ్ఞానశాఖ మంత్రిగారు ప్రకటించిన మర్నాడే మా గ్రంథాలయంలో ప్రభుత్వ నివేదికల గదికి తాళం వేశారు.

ఆషామాషీ తాళం కాదు. నా అరచేయంత ఉంది. దానికి ఎర్ర లక్కతో సీలు, సీలు కింద ఒక కాగితం, కాగితం మీద "తెరిచిన తలుపు పథకం" అని పెద్ద పెద్ద అక్షరాలు. పథకం ఇంత త్వరగా మా గుమ్మం దాకా వస్తుందని మేమెవరం అనుకోలేదు.

ఇలాంటి మంత్రి దొరకడం మన అదృష్టం. ఇది ముఖస్తుతి కాదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ గ్రంథాలయంలో మెట్ల కింద గదిలో కూర్చుని పుస్తకాలు బైండు చేస్తున్నవాణ్ణి. ఎనిమిది మంది మంత్రుల ఉపన్యాసాల సంపుటాలు నా చేతుల మీదుగా వెళ్ళాయి. ఏడుగురివి చెదలు తినేశాయి. ఎనిమిదో ఆయనవి చెదలు కూడా ముట్టలేదు. ఈయన తొమ్మిదో ఆయన. ఈయన ఉపన్యాసాలు అచ్చు వెయ్యరు, ఇంటర్నెట్‌లో పెడతారు. చెదలకి ఇంత అన్యాయం చేసిన మంత్రి ఇంతవరకూ లేడు.

తాళం వేసిన రోజు పొద్దున పదింటికి టైలరమ్మ వచ్చింది.

ఆవిడ గురించి చెప్పాలి. దర్జీల వీధిలో ఇంటి వసారాలోనే కుట్టుమిషన్ పెట్టుకుని బతుకుతోంది. మెళ్ళో ఎప్పుడూ టేపు వేలాడుతూ ఉంటుంది. తొమ్మిదేళ్ళ కూతురికి ఆ ఏడాది రెండోసారి పచ్చకామెర్లు వచ్చాయి. కుళాయి నీళ్ళ వల్లే అన్నాడు డాక్టరు. నీళ్ళు స్వచ్ఛంగా ఉన్నాయి, గాలి వల్లే అయుంటుంది అన్నాడు వార్డు ఇంజనీరు. "నీళ్ళు పరీక్ష చేయించామమ్మా, రిపోర్టు కూడా ఉంది," అన్నాడట. ఏదీ చూపించమంటే, "అది ప్రజల ఆస్తి, నా దగ్గరెందుకుంటుంది? లైబ్రరీలో ఉంటుంది. బాధ్యత గల అధికారి సంతకంతో పట్టుకురా. వచ్చే నెల పదో తారీఖున విచారణ. ఆ రోజు రిపోర్టు లేకపోతే గొట్టం బావుందని రాసి ఫైలు మూసేస్తాను," అన్నాడట.

అప్పట్నుంచి ఆవిడ రోజూ మధ్యాహ్నం మిషన్ ఆపేసి మా దగ్గరికి వచ్చేది. నివేదికల గదిలో లావుపాటి సంపుటాలు ఒక్కొక్కటే దింపుకుని, వీధి పేరు కోసం వేలు పెట్టి వెతుక్కునేది. పదకొండు రోజులు వెతికింది. పన్నెండో రోజు "అన్నయ్యా, దొరికింది!" అంటూ నా గదిలోకి పరిగెత్తుకొచ్చింది. పట్టణ మంచినీటి పరీక్షల నివేదిక, నలభై మూడో పేజీ. దర్జీల వీధి. "ఈ వీధి గొట్టములోనికి మురుగు చేరుచున్నది. నీరు త్రాగుటకు పనికిరాదు. గొట్టము వెంటనే మార్చవలెను." అంతే, మూడు ముక్కలు. ఆ పేజీ చేత్తో ఎత్తి రాసుకుంది. అధికారి సంతకం కావాలంటే దరఖాస్తు ఇవ్వాలి కదా, మర్నాడు తెస్తానని వెళ్ళింది. ఆ మర్నాడే తాళం.

తాళానికి కాపలాగా సాక్షాత్తూ మంత్రిగారి కార్యదర్శే వచ్చి ఉన్నారు. సన్నగా, పొడుగ్గా, కళ్ళద్దాలు పెట్టుకుని, ఏ ప్రశ్నకైనా జవాబు జేబులోంచి తీసినట్టు చెప్పే మనిషి. నాకు ఆయనంటే ఎంత గౌరవమో చెప్పలేను.

"సార్, ఒక్క పేజీ. సంతకం పెట్టించుకుని వెళ్ళిపోతాను," అంది టైలరమ్మ.

"ఏ పేజీ అయినా చూడొచ్చమ్మా. నిన్నటి నుంచి జ్ఞానం అంతా మీదే."

"అయితే తలుపు తియ్యండి."

"తలుపులే లేవని మంత్రిగారు ప్రకటించారు కదమ్మా. లేని తలుపు ఎలా తియ్యను?"

"మరి ఇదేమిటి సార్?"

"ఇది పాత విధానంలో తలుపు. కొత్త విధానంలో ఇది గోడ." ఆయన ఓపిగ్గా చెప్పారు. "లోపల పుస్తకాలన్నీ స్కాన్ అవుతాయి. మీరు ఇంట్లో కూర్చుని, మిషన్ కుట్టుకుంటూ, విశ్వద్వారం అనే పోర్టల్‌లో చూసుకోవచ్చు. చెప్పులరిగేలా ఇంత దూరం రానక్కర్లేదు."

టైలరమ్మ తన చెప్పుల వంక చూసుకుంది. అవి అప్పటికే అరిగిపోయి ఉన్నాయి. పథకం ఆ చెప్పులకి కొంచెం ఆలస్యంగా వచ్చినట్టుంది.

పోర్టల్‌లో దరఖాస్తు పెట్టడానికి ఆవిడ మా సందు మొగలో ఉన్న నెట్టు షాపుకి వెళ్ళింది. తోడుగా నేనూ వెళ్ళాను. విశ్వద్వారం ఎంత గొప్పగా కట్టారంటే, లోపలికి వెళ్ళడానికి వేలిముద్ర, మొహం ఫోటో, గత అయిదేళ్ళలో ఏమేం చదివారో జాబితా కావాలి. టైలరమ్మ ఆలోచించి, "దారపు ఉండల మీద రంగుల నంబర్లు" అని రాయించింది. ఇవన్నీ ఎందుకని తర్వాత నేను కార్యదర్శిగారిని అడిగాను. "ఆవిడ ఏం చదువుతోందో ప్రభుత్వం కూడా చదువుతుందయ్యా. ఒకరు చదివే చోట ఇద్దరు చదువుతారు. దేశంలో పాఠకుల సంఖ్య ఒక్క దెబ్బకి రెట్టింపు!" అన్నారు. ఇంత దూరం ఆలోచించే బుర్ర మనకెక్కడిది?

ఫారంలో ఒక గడి ఉంది: "ఈ పత్రంలో ఏముంది?" టైలరమ్మ నిజాయితీగా, నీళ్ళు బాగాలేవని ఉంది అని రాయించింది. మూడు రోజులకి జవాబొచ్చింది. "పత్రంలో ఏముందో మీకు ముందే తెలుసు కనుక పత్రం మీకు అవసరం లేదు. తిరస్కరించడమైనది."

రెండోసారి అదే గడిలో తెలియదని రాయించింది. ఈసారి రెండు రోజులకే వచ్చింది. "మీకు ఏం కావాలో మీకే తెలియదు. తిరస్కరించడమైనది."

మూడోసారి ఆవిడ ఏమీ రాయలేదు. గడి ఖాళీగా వదిలేసింది. ఈసారి మాత్రం ఆమోదం వచ్చింది! నెట్టు షాపాయన కుర్చీలోంచి లేచి మరీ చదివాడు. "మీ దరఖాస్తు ఆమోదించడమైనది. మీరు కోరిన పత్రం అందరికీ చెందినది. అందరికీ చెందిన దానిని ఏ ఒక్కరికీ ఇవ్వరాదు కనుక, మీకు ఇవ్వబడదు. అభినందనలు."

"అభినందనలు ఎందుకన్నయ్యా?" అని అడిగింది టైలరమ్మ.

నాకు తెలిస్తే చెప్పేవాణ్ణే. ఆవిడ బల్ల మీద చేతులు ఆనించి, కాసేపు ఆ తెర వంకే చూసింది. "పిల్ల కళ్ళు మళ్ళీ పచ్చబడుతున్నాయి," అంది మెల్లిగా. పదో తారీఖుకి ఇంక రెండు వారాలే ఉంది. కాచి చల్లార్చిన నీళ్ళే పోస్తోందట. కానీ బళ్ళో తాగేదీ, వీధిలో ఆడుకుంటూ తాగేదీ ఎవరు కాస్తారు?

ఈలోగా గ్రంథాలయంలో స్కానింగు జోరుగా సాగుతోంది. రోజుకి రెండు వేల పుస్తకాలు పూర్తి చెయ్యాలని మంత్రిగారు లక్ష్యం పెట్టారు. స్కానింగు వాళ్ళ యంత్రం మీద పుస్తకం చదునుగా పడుకోవాలట. అందుకని పుస్తకాల వెన్ను కోసి, అట్టలు విడదీసి ఇవ్వమని నాకు ఉత్తర్వు వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళు దబ్బనం పట్టి కుట్టిన చేతులతోనే కోశాను. ఇరవై ఏళ్ళ కిందట నేను వేసిన కుట్లు ఎక్కడా సడలలేదు. దారం తెగేటప్పుడు చప్పుడవుతుంది. చెప్పుకోకూడదు గానీ, మొదటి రోజు నాకు అన్నం సహించలేదు.

స్కానింగు వాళ్ళు మాత్రం పనిమంతులు. అట్ట యంత్రం మీద పెట్టడం, ఫ్లాష్ వెలగడం, తియ్యడం, ఇంకో అట్ట పెట్టడం. పుస్తకానికి పది సెకన్లు పట్టేది కాదు.

"మరి లోపలి పేజీలు?" అని వాళ్ళ మేస్త్రీని అడిగాను.

"లోపలి పేజీలు ఫేజ్ టూ."

"మరి కాగితాలు గుజ్జు చెయ్యడానికి మిల్లుకి పంపించేస్తున్నారుగా?"

"అది ఫేజ్ వన్."

లారీ రోజూ సాయంత్రం నాలుగింటికి వచ్చేది. స్కాన్ అయిన పుస్తకం తాలూకు కాగితం ముక్క కూడా మిగలకూడదని కార్యదర్శిగారి సంతకంతో ఆర్డరు. ఒకే జ్ఞానం రెండు చోట్ల ఉంటే జనం తికమక పడతారట. నిజమే కదా!

మంచినీటి నివేదిక వంతు ఒక గురువారం వచ్చింది. అట్ట ఫోటో చాలా బాగా వచ్చింది. నీలం రంగు క్యాలికో బట్ట, మధ్యలో కుళాయి బొమ్మ. కాగితాలు లారీ కోసం నా గది బయట కుప్పగా పడున్నాయి. మా బైండర్లకి పాత అలవాటు ఒకటుంది. కొత్త పుస్తకం వెన్నుకి లోపల అతికించడానికి చిత్తు కాగితాలు దాచుకుంటాం. అలా ఆ రోజు కుప్పలోంచి ఒక కాగితం తీసి పక్కన పెట్టుకున్నాను. ఒక్కటే. అది నలభై మూడో పేజీ అయింది. ఏదో ఒక పేజీ అవ్వాలి కదా.

మర్నాడు కార్యదర్శిగారు స్వయంగా మెట్ల కిందికి, తల వంచుకుని, నా గదిలోకి వచ్చారు. "ఏమయ్యా, జాతీయ ప్రాముఖ్యం గల పని. తెరిచిన తలుపు విధానం, సంపూర్ణ గ్రంథం. తొమ్మిదో తారీఖున మంత్రిగారు ఆవిష్కరిస్తారు. ఎర్ర రెక్సిన్, బంగారు అక్షరాలు."

"అలాగే సార్. రాతప్రతి ఇప్పించండి."

ఆయన సంచీలోంచి ఒక కాగితాల బొత్తి తీసి ఇచ్చారు. తిరగేశాను. మూడు వందల పేజీలు, తెల్లగా మెరిసిపోతున్నాయి. ప్రతి పేజీ అడుగున నంబరు మాత్రం అచ్చయి ఉంది.

"సార్, ఇందులో అక్షరాలు..."

"విధానం తుది దశలో ఉంది. విడుదలయ్యే దాకా రహస్యం."

"విడుదలయ్యాక?"

"కొన్నాళ్ళ పాటు రహస్యం."

"జ్ఞానం అందరిదీ అని చెప్పే పుస్తకం కదా సార్?"

"అందుకే మరీ జాగ్రత్తగా ఉండాలి. అందరి దృష్టీ దీని మీదే ఉంటుంది." ఆయన వేళ్ళు చాపి చూపించారు. "మందం మాత్రం నాలుగు వేళ్ళు ఉండాలి. తక్కువైతే ఫోటోలో విధానం బలహీనంగా కనిపిస్తుంది."

"మంత్రిగారికి తెలుసా సార్, ఇది..."

"మంత్రిగారు దీన్ని రెండుసార్లు చదివారు," అన్నారు కార్యదర్శిగారు కళ్ళద్దాలు సవరించుకుంటూ. "రెండోసారి ఇంకా నచ్చిందన్నారు."

నేను బైండు చేశాను. నా జీవితంలో అంత మంచి బైండింగు చెయ్యలేదు. పేజీలు నివేదిక కొలతకే కత్తిరించాను. నంబర్లు వరసగా ఉన్నాయో లేదో చూసుకుని, కాగితాలు కట్టలు కట్టలుగా దబ్బనంతో కుట్టాను. బైండరు పనిలో బయటివాళ్ళకి తెలియని సంగతి ఒకటుంది. కొత్త పుస్తకం బిగుసుకుని ఉంటుంది. దాన్ని ఏ పేజీ దగ్గర వెనక్కి విరిచి గట్టిగా నొక్కుతామో, ఇక జన్మంతా అక్కడే తెరుచుకుంటుంది. ఎవరు పట్టుకున్నా, ఎటు నుంచి తెరిచినా సరే. చదివేవాళ్ళు అదంతా తమ అదృష్టం అనుకుంటారు. పుస్తకం పూర్తయ్యాక చూస్తే, నా దగ్గర విధానం తాలూకు తెల్లకాగితం ఒకటి మిగిలింది. నలభై మూడు అని నంబరున్నది. దాన్ని వెన్నుకి అతికించేశాను. మా పనిలో ఏదీ వృథా పోదు.

తొమ్మిదో తారీఖు వచ్చింది. ఆ రోజు ఊరంతా ఇంటర్నెట్ ఆపేశారు. అందరికీ ఇంటర్నెట్‌లో జ్ఞానం తెరిచే పండగ రోజున ఎవడైనా ఇంటర్నెట్‌ని దుర్వినియోగం చేస్తే ఎంత అప్రతిష్ట! ఆపేస్తున్నట్టు ముందుగానే ప్రజలందరికీ ఇంటర్నెట్‌లో తెలియజేశారు. ఆపేసిన పది నిమిషాలకి.

గ్రంథాలయం ముందు వేదిక వేశారు. వేదిక వెనక విశ్వద్వారం పోర్టల్ కనిపించాలి కదా. నెట్ లేదు కనుక పోర్టల్ బొమ్మ ఫ్లెక్సీ మీద అచ్చు వేయించి కట్టారు. మంత్రిగారు మీట నొక్కితే ఫ్లెక్సీ వెనక బల్బు వెలిగింది. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఒక పెద్దాయన, "ఎంత స్పీడుగా ఓపెన్ అయింది!" అని పక్కవాడితో అన్నాడు. మా ఇంట్లో ఎప్పుడూ అంత స్పీడు రాదు. టైలరమ్మ వెనక స్తంభం దగ్గర కూతురి చెయ్యి పట్టుకుని నిలబడింది. పిల్ల కూర్చుంటానని గొణుగుతోంది.

మంత్రిగారు నలభై నిమిషాలు మాట్లాడారు. ఆయన గొంతు అద్భుతం. "జ్ఞానం నీళ్ళ లాంటిది! ఎక్కడా ఆగకూడదు! ప్రతి ఇంటికీ ప్రవహించాలి!" అన్నప్పుడు టైలరమ్మ తలెత్తి చూసింది.

తర్వాత విధానం గ్రంథాన్ని పైకెత్తి చూపించారు. నాలుగు వేళ్ళ మందం, ఎర్ర రెక్సిన్, ఎండలో బంగారు అక్షరాలు. కెమెరాలు టకటకలాడాయి. కార్యక్రమం అక్కడితో అయిపోవాలి. కానీ ఒక ఫోటోగ్రాఫరు, "సార్, తెరిచి సంతకం పెడుతున్నట్టు ఒకటి!" అని అరిచాడు.

కార్యదర్శిగారు ఒక్క అడుగులో ముందుకొచ్చారు. "సార్, టైమైంది..." అంటూ పుస్తకం వైపు చెయ్యి చాపారు. మంత్రిగారు వింటారా? ప్రజల కోరిక కాదనరాయన. బల్ల మీద పెట్టి తెరిచారు. పుస్తకం ఎక్కడ తెరుచుకోవాలో అక్కడ తెరుచుకుంది. కార్యదర్శిగారు కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ తెరిచి చూస్తే పేజీ మీద అక్షరాలున్నాయి. ఆయన నోరు వెళ్ళబెట్టారు.

మంత్రిగారు పెన్ను తీశారు. పేజీ వంక చూడలేదు, కెమెరా వంక చూశారు. ఎప్పుడూ నవ్వే నవ్వు నవ్వారు. పేజీ అడుగున తాటికాయంత అక్షరాలతో రాశారు: "చదివాను. పూర్తిగా ఏకీభవిస్తున్నాను. వెంటనే అమలు చేయవలెను." కింద సంతకం, తేదీ. కార్యదర్శిగారు చప్పట్లు కొట్టారు. అందరికన్నా ఎక్కువసేపు ఆయనే కొట్టారు.

పదో తారీఖు పొద్దున పేపర్లన్నిటిలోనూ మొదటి పేజీలో ఆ ఫోటో. పేజీలో ఉన్నది కూడా చక్కగా చదవొచ్చు. టైలరమ్మ పేపరు చేత్తో పట్టుకుని విచారణకి వెళ్ళింది. ఆవిడ ఒక్కతే వెళ్ళడం నాకు నచ్చక సెలవు పెట్టి నేనూ వెళ్ళాను.

వార్డు ఇంజనీరు బల్ల మీద గ్లాసులో నీళ్ళున్నాయి. సీసా నీళ్ళు. "రిపోర్టు తెచ్చావా అమ్మా? అధికారి సంతకం ఉండాలి, గుర్తుంది కదా?" అన్నాడు ఫైలు మూయడానికి సిద్ధంగా పెన్ను పట్టుకుని.

ఆవిడ పేపరు ముందు పెట్టింది. "అధికారి దొరకలేదండీ. మంత్రిగారు సరిపోతారా?"

ఇంజనీరు చదివాడు. మళ్ళీ చదివాడు. పెన్ను కింద పెట్టి, నీళ్ళు నమిలి, అసలు కాగితం చూడాలన్నాడు. అసలుది గ్రంథాలయం హాల్లో గాజుపెట్టెలో ఉంది. ముగ్గురం నడిచి వెళ్ళాం. గాజుపెట్టెలో విధానం నలభై మూడో పేజీ దగ్గర తెరుచుకుని, హాయిగా పడుకుని ఉంది. ఇంజనీరు దానికి నమస్కారం పెట్టబోయి ఆగాడు. పక్కకి వెళ్ళి కార్యదర్శిగారికి ఫోన్ చేశాడు.

"సార్, పాలసీ నలభై మూడో పేజీ సార్... దర్జీల వీధి గొట్టం... అవును సార్, సంతకం ఉంది... ఈ పేజీ పాలసీలోది కాదంటారా సార్? అయితే పాలసీలో నలభై మూడో పేజీలో ఏముంది సార్?"

ఇంజనీరు ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు. తర్వాత, "సరే సార్, సరే సార్," అని ఫోన్ పెట్టేసి మా వైపు తిరిగాడు. "విధానం మొత్తానికి ఆ పేజీ గుండెకాయ లాంటిదట," అన్నాడు.

వారంలో గొట్టం మార్చారు. పాత గొట్టం తవ్వి తీస్తే, దాని పక్కనే మురుగుకాలవ, గొట్టం అడుగున పిడికిలి పట్టేంత చిల్లు. వీధి మొదట్లో "తెరిచిన తలుపు విధానం కింద వేసిన జ్ఞాన గొట్టం" అని బోర్డు పెట్టారు. చట్టసభలో విధానం మీద రెండు రోజులు చర్చ జరిగింది. అధికార పక్షం సభ్యులు గ్రంథాన్ని ఆసాంతం చదివి తరించామన్నారు. ప్రతిపక్ష నాయకుడు నూట పన్నెండో పేజీ ప్రజావ్యతిరేకంగా ఉందని దుమ్మెత్తిపోశాడు. మంత్రిగారు లేచి, నూట పన్నెండో పేజీలో ఒక్క అక్షరం కూడా మార్చేది లేదని ఖరాఖండీగా చెప్పారు.

రెండు నెలలకి టైలరమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని నా గదికి వచ్చింది. పిల్ల కళ్ళు తెల్లగా ఉన్నాయి. సీసాలో కుళాయి నీళ్ళు తెచ్చింది. "తాగి చూడు మావయ్యా," అంది పిల్ల. తాగాను. ఏ రుచీ లేదు. ఎందుకో నాకు ఏడుపొచ్చింది. దుమ్ము పడిందని కళ్ళు తుడుచుకున్నాను. మా గదిలో ఎప్పుడూ దుమ్మే కనుక ఎవరూ అనుమానించలేదు.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ మంత్రిగారి పాలనలో అధికారులకి సైతం విధానం మీద ఎంత గురి ఉందో చెప్పకపోతే అన్యాయం.

పోయిన మంగళవారం మధ్యాహ్నం కార్యదర్శిగారు మళ్ళీ నా గదికి వచ్చారు. ఈసారి తల వంచడం మర్చిపోయి మెట్టుకి కొట్టుకున్నారు. నొప్పి తెలిసినట్టు లేదు. తలుపు దగ్గరగా వేసి, నా స్టూలు మీద కూర్చున్నారు. గడ్డం గీసుకుని రెండు రోజులై ఉంటుంది.

"ఏమయ్యా, ఆ నీళ్ళ నివేదిక... అందులో అధికారుల క్వార్టర్స్ కూడా ఉంది కదూ?"

"ఉండే ఉంటుంది సార్. ఊరంతా ఉండేది."

"మా చిన్నవాడికి కామెర్లు వచ్చాయి. ఆర్నెల్లలో ఇది రెండోసారి. క్వార్టర్స్ ఇంజనీరు గాలి వల్ల అంటున్నాడు. రిపోర్టు చూపించమంటున్నాడు." ఆయన నా వంక చూడకుండా మాట్లాడుతున్నారు. "ఆ కాగితాలు..."

"మిల్లుకి వెళ్ళిపోయాయి సార్. తమరి ఆర్డరే."

"పోర్టల్‌లో?"

"అట్ట ఉంది సార్. చాలా బాగా వచ్చింది. కుళాయి బొమ్మ కూడా స్పష్టంగా ఉంది."

"తెలుసు. దరఖాస్తు పెట్టాను." జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశారు కానీ విప్పలేదు. "అభినందనలు అని వచ్చింది."

ఆ గురువారం కుప్ప ముందు నిలబడింది గుర్తొచ్చింది. ఒక్క కాగితమే తీశాను. చెయ్యి ఇంకొంచెం చాపితే ఇంకోటి అందేది. ఎవరి పిల్లలు ఏ పేజీలో ఉన్నారో అప్పుడు ఎవరికి తెలుసు?

"నువ్వు చిత్తు కాగితాలు దాచుకుంటావటగా," అన్నారాయన ఉన్నట్టుండి. ఆ గొంతు ఆఫీసు గొంతు కాదు. "ఒక్కసారి చూడవయ్యా. అరవై ఒకటో పేజీ. విషయసూచిక చూసిన వాళ్ళెవరో చెప్పారు. అరవై ఒకటట."

గదంతా వెతికాం. బల్ల కింద, అట్టల వెనక, జిగురు డబ్బాల మధ్య. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని వెతికారు. దొరకలేదు.

కాసేపటికి ఆయన లేచి, జేబులోంచి గాజుపెట్టె తాళంచెవి తీసి, "నలభై మూడో పేజీ ఉన్నట్టు, అందులో ఇదీ ఉంటుందేమో," అంటూ నా చేతిలో పెట్టారు. ఇద్దరం హాల్లోకి వెళ్ళాం. పెట్టె తెరిచాను. పుస్తకం అలవాటుగా నలభై మూడు దగ్గరే తెరుచుకుని ఉంది. బలవంతాన పేజీలు తిప్పి, అరవై ఒకటి దగ్గర బొటనవేలితో నొక్కి పట్టుకున్నాను. నేను కుట్టిన పుస్తకం కదా, అంత తొందరగా లొంగదు.

కార్యదర్శిగారు వంగి, కళ్ళద్దాలు పైకి తోసుకుని, ఆ తెల్లటి పేజీని పై నుంచి కింద దాకా, నంబరు దాకా చూశారు. చాలాసేపు చూశారు. ఇంత శ్రద్ధగా విధానం చదివినవాళ్ళని నేను ఇంకెవరినీ చూడలేదు.